ఇంటి చాయ్‌పై ఇంత అశ్రద్ధ తగునా?

పెద్దపల్లి: తెల్లవారితే చాలు, పల్లెలో మొదట వెలిగేది చాయ్ పొయ్యి. వాకిలి ఊడ్చి సాన్పు చల్లకముందే "చాయ్ అయ్యిందా?" అన్న కేక వినబడుతుంది. గడపలోకి వచ్చినవాడు పగవాడైనా సరే, "చాయ్ తాగి పోండ్రి" అనకుండా పంపడం ఈ ప్రాంతంలో మర్యాద అనిపించుకోదు. పెండ్లి సంబంధం కుదిరినా, పొలం గట్టు పంచాయితీ తెగినా గొంతులో చాయ్ పడవలసిందే. ఇంతగా జీవితంలో కలిసిపోయిన ఈ పానీయాన్ని మన ఇండ్లలో ఎంత అశ్రద్ధగా పెడుతున్నారో, అంతకంటె అశ్రద్ధగా ఎలా తాగుతున్నారో చూస్తే విచారం కలుగక మానదు.

పొద్దున పెట్టిన చాయ్‌ని పది గంటలకు మళ్ళీ మరిగిస్తారు. సాయంత్రం అదే పిప్పిలో మరో చెంచా పొడి వేసి ఇంకోసారి కాస్తారు. పాలన్నీ అమ్ముకుని, మిగిలిన గ్లాసెడు పాలలో చెంబెడు నీళ్ళు కలుపుతారు. చిన్న పిల్లవాడు ఆకలి అని ఏడిస్తే చాయ్‌లో బిస్కెట్టు ముంచి నోట్లో పెడతారు. ఇల్లాలు మాత్రం అందరికీ పోసి, గిన్నె అడుగున మిగిలిన రెండు గుక్కలు తాగి పొలానికి పోతుంది. దీనికంతటికీ పేదరికమే కారణమని సరిపెట్టుకోవడం తేలిక. నిజానికి మంచి చాయ్‌కి కావలసింది ఖర్చు కాదు, కొంచెం శ్రద్ధ. ఆ శ్రద్ధ లేనందువల్ల పోతున్నది రుచి ఒక్కటే కాదు, ఇంటిల్లిపాది ఆరోగ్యం కూడా.

చాయ్ గురించి కూడా పత్రికలో రాయాలా అని నవ్వేవారు వుండవచ్చు. బీహారులోని మోతిహారిలో పుట్టి ఇంగ్లండులో పేరు పొందిన రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లో లండన్ పత్రికలో మంచి టీ ఎలా కాచుకోవాలో 11 సూత్రాలు రాశాడు. యుద్ధం వల్ల ఆ దేశంలో టీ పొడి రేషన్‌లో దొరికే రోజులవి. దొరికిన కొద్ది పొడిని పాడు చేసుకోరాదన్నది ఆయన బాధ. మన ఇండ్లకూ ఆ మాట వర్తిస్తుంది.

ఈ అలవాటు ఎక్కడిది?

మన తాతల కాలంలో పొద్దున లేస్తే అంబలి, గట్క, సల్ల. చాయ్ ఎక్కడిది? దేశంలో టీ తోటలు 19వ శతాబ్దంలో అస్సాంలో మొదలైనా, పండిన దానిలో ఎక్కువ భాగం చాలా కాలం ఓడలెక్కి విదేశాలకే పోయేది. 1930లలో అక్కడ ధరలు పడిపోవడంతో తోటల యజమానుల ప్రచార సంఘం మన దేశంలోని పట్టణాల మీద దృష్టి పెట్టింది. టీ ఎలా కాయాలో జనానికి చేసి చూపించింది, ఉచితంగా రుచి చూపించింది. జనం రుచి మరిగారు గాని, వారు చెప్పిన పద్ధతిని పక్కన బెట్టి, పాలు దండిగా పోసి, అల్లం, యాలకులు దంచి వేసి తమ చాయ్ తాము చేసుకున్నారు.

అదే కాలంలో అస్సాం తోటల్లో ఆకును నలిపి, చింపి, గుండ్రటి గింజలుగా చుట్టే యంత్రం వచ్చింది. దానినే సీటీసీ అంటారు. మన ఇండ్లలో వాడే చాయపత్త దాదాపు అంతా ఈ రకమే. పెద్ద ఆకు కంటె ఇది త్వరగా దిగుతుంది, రంగు చిక్కగా వస్తుంది, తక్కువ పొడితో ఎక్కువ కప్పులు అవుతాయి. పేదవాడి ఇంటికి చాయ్ రావడానికి ఈ యంత్రం కూడా ఒక కారణం.

మన ప్రాంతంలో రైలు స్టేషన్ల దగ్గర, రామగుండం, గోదావరిఖని గనుల దగ్గర చాయ్ హోటళ్ళు బలిశాయి. మొదటి షిఫ్టుకు దిగే కార్మికుడికి ఆ వేళ వేడిగా దొరికేది అదొక్కటే. అక్కడ అలవాటైన నాలుక ఇంటికి వచ్చీ చాయ్ అడిగింది. హోటలువాడు వందసార్లు పెట్టి చేయి తిరిగినవాడు. ఇంట్లో మాత్రం అది వంట కింద లెక్కకు రాలేదు. కూర ఎలా వండాలో తల్లి కూతురికి నేర్పుతుంది. చాయ్ ఎలా పెట్టాలో ఎవరూ ఎవరికీ నేర్పరు.

కొలత, క్రమం ముఖ్యం

మంచి చాయ్‌లో రహస్యం ఏదీ లేదు. అన్నిటికంటె ముందు నీళ్ళు. ఉప్పు తేలే బోరు నీళ్ళతో పెడితే చాయ్ మసకబారి, మీద తెట్టు కడుతుంది. తాగే నీళ్ళతోనే చాయ్ పెట్టాలి. గిన్నె కూడా వేరుగా వుండాలి. చింతపండు చారు కాచిన గిన్నెలో పులుపు కొంచెం మిగిలినా పాలు విరిగిపోతాయి.

నలుగురికి పెట్టాలంటే రెండున్నర కప్పుల నీళ్ళు, రెండు కప్పుల పాలు చాలు. అర కప్పు ఆవిరైపోతుంది. కప్పుకు ఒక చిన్న చెంచా చొప్పున, అంటే సుమారు 2 గ్రాముల చాయపత్త వేయాలి. చేతికందినంత వేయడం, తక్కువైందని మళ్ళీ చల్లడం మంచిది కాదు. టీ రుచి చూసే పరీక్షల కోసం 1980లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఒక పద్ధతిని నిర్ణయించింది. అందులోనూ 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల పొడి అనే కొలతే వుంది. పెద్ద పెద్ద పరీక్షశాలల కొలత, మన ఇంటి చెంచా కొలత ఒకటే కావడం విశేషం.

నీళ్ళు తెర్లిన తర్వాత దంచిన అల్లం వేసి రెండు నిమిషాలు మరగనివ్వాలి. పచ్చి అల్లం నేరుగా పాలలో పడితే పాలు విరిగే ప్రమాదం వుంది. దానిలో పాలను విరిచే గుణం వుంది, నీళ్ళలో మరిగితే ఆ గుణం పోతుంది. ఆ తర్వాత చాయపత్త వేసి, మంట తగ్గించి రెండు మూడు నిమిషాలు వుంచాలి. ముందే కాగిన వేడి పాలు అప్పుడు పోయాలి. రెండు పొంగులు రాగానే దించి, ఒక నిమిషం మూత పెట్టి, వడగట్టాలి. యాలకులు వేసేవారు చివరలో వేస్తే వాసన నిలుస్తుంది. చక్కెరకు బదులు బెల్లం వేసేవారు గిన్నె దించిన తర్వాతే కలపాలి, లేకుంటే పాలు విరుగుతాయి.

పొడి వేసి పావుగంట మరిగిస్తే చాయ్ చిక్కనవుతుందని చాలామంది నమ్మకం. చిక్కదనం పాల నుంచి వస్తుంది. పొడిని అతిగా మరిగిస్తే వచ్చేది వగరు. ఆ వగరును చంపడానికి ఇంకో చెంచా చక్కెర పడుతుంది. ఈ విధంగా ఒక తప్పును కప్పడానికి ఇంకో తప్పు చేస్తున్నాము. రోజుకు నాలుగు చాయ్‌లు, చాయ్‌కి రెండు చెంచాలు అంటే ఎనిమిది చెంచాల చక్కెర. విడిగా కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాములు, అంటే సుమారు ఆరు చిన్న చెంచాలు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఇంటింటా షుగర్ రోగి కనబడుతున్న ఈ రోజుల్లో ఇది ఆలోచించవలసిన విషయం.

ఒక్కొక్కరు ఒక్కో వేళకు వచ్చే ఇంట్లో చల్లారిన చాయ్‌ని మళ్ళీ మళ్ళీ కాయడం కంటె, హైదరాబాదు ఇరానీ హోటళ్ళ పద్ధతి మేలు. అక్కడ డికాక్షన్ వేరు, పాలు వేరు. మనిషి వచ్చినప్పుడు రెండూ కలిపి ఇస్తారు. ఇంట్లోనూ డికాక్షన్ వడగట్టి మూత పెట్టి వుంచితే, గంట తర్వాత వచ్చినవారికి వేడి పాలు కలిపి ఇవ్వవచ్చు. రుచి చెడదు, గ్యాసు కూడా కలిసి వస్తుంది.

చాయపత్త డబ్బా గురించి ఒక మాట. టీ పొడి చుట్టుపక్కల వాసననంతా పీల్చుకుంటుంది. కారం డబ్బా పక్కన, అగరుబత్తుల పక్కన మూత లేకుండా పెడితే ఎంత ఖరీదైన పొడి అయినా వృథా. బిగుతు మూత వున్న పొడి డబ్బాలో, పొయ్యి వేడికి దూరంగా వుంచుకోవాలి.

రంగు చూసి మోసపోవద్దు

అంగట్లో రాసులు పోసి అమ్మే విడి పొడిని "రంగు బాగా దిగుతది" అని కొనేవారు ఎందరో. ఆ రంగు ఎక్కడిదో ఆలోచించేవారు తక్కువ. వాడి పారేసిన పిప్పిని ఎండబెట్టి, రంగు కలిపి మళ్ళీ అమ్మడం దేశంలో చాలా కాలంగా వున్న మోసం. టీ పొడిలో ఎటువంటి రంగూ కలపరాదని చట్టం స్పష్టంగా చెబుతున్నది. 1954 నాటి కల్తీ నిరోధక చట్టం స్థానంలో 2006లో ఆహార భద్రత చట్టం వచ్చింది.

ఈ కల్తీని పట్టుకోవడానికి పరీక్షశాల అక్కర లేదు. తెల్ల కాగితం మీద కొంచెం పొడి చల్లి, దాని మీద నీళ్ళు చిలకరించి, పొడి తీసివేసి వెలుతురులో చూడాలి. రంగు కలిసిన పొడి అయితే కాగితం మీద మరకలు కొట్టవచ్చినట్లు కనబడతాయి. చల్లటి నీళ్ళ గ్లాసులో చిటికెడు వేసినా తెలుస్తుంది. మంచి పొడి రంగు మెల్లగా దిగుతుంది, రంగు వేసినదైతే వేసిన వెంటనే గీతలు గీతలుగా కిందికి జారుతుంది. అయస్కాంతం పొడిలో తిప్పితే ఇనుప రజను వున్నదీ లేనిదీ బయటపడుతుంది. పాకెట్ కొనేవారు దాని మీద ఆహార భద్రత సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు నంబరు వున్నదా అని చూడాలి.

లెక్క వేసినా మంచి పొడి భారమేమీ కాదు. పావు కిలో పాకెట్ తెస్తే, కప్పుకు 2 గ్రాముల చొప్పున 125 కప్పులు అవుతాయి. ఇంటి యజమాని రోజూ బజారులో మూడు చాయ్‌లు తాగితే, కప్పు పది రూపాయలనుకున్నా నెలకు 900 రూపాయలు. అందులో కొంత మిగిల్చినా ఇంటిల్లిపాదికీ మంచి చాయపత్త వస్తుంది.

చాయ్ అన్నం కాదు

అన్నిటికంటె ముఖ్యమైన విషయం ఇది. చాయ్ ఆకలిని తీర్చదు, కాసేపు మరిపిస్తుంది. పొద్దున ఒక చాయ్ తాగి నాట్లకు పోయి, ఎండ ఎక్కిన తర్వాత గాని ముద్ద ముట్టని ఆడవారు ప్రతి ఊరిలో వున్నారు. బీడీలు చుట్టే ఇండ్లలో ఆకు, తంబాకు చాట ముందు కూర్చున్నవారు లేవడానికి తీరిక లేక చాయ్ మీదనే పూట గడుపుతారు. తిన్నామనుకుంటారు గాని ఒంటికి పట్టింది ఏమీ వుండదు.

దీని ఫలితం కనబడుతూనే వుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతతో వున్నారు. ఆరు నెలలు దాటి ఐదేండ్లలోపు పిల్లలలోనైతే నూటికి 70 మంది. దీనికంతటికీ చాయ్ కారణమనడం అన్యాయం. సరైన తిండి లేకపోవడమే అసలు కారణం. అయితే తిన్న కొద్ది తిండిలోని ఇనుమును కూడా ఒంటికి పట్టకుండా చాయ్ అడ్డుపడుతుందన్నది శాస్త్రజ్ఞులు తేల్చిన విషయం. చాయ్‌కి వగరునిచ్చే పదార్థమే ఆకుకూర, పప్పు, జొన్నలలోని ఇనుమును పట్టుకుని కడుపులో కరగనివ్వదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. ఈ సంస్థ 1918లో టీ తోటల నడుమ, నీలగిరి కొండల్లోని కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 2024లో వెలువడిన ఆహార మార్గదర్శకాలలో భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు తాగరాదని సూచించింది. అన్నం తిన్న చేయి కడగగానే చాయ్ గ్లాసు పట్టుకునే మన అలవాటు ఎంత నష్టమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

గర్భవతులకు ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే ఇనుము మాత్రలను కొందరు చాయ్‌తోనే మింగుతున్నారు. ప్రభుత్వం ఇచ్చిన మాత్ర, తల్లికి చేరకుండా చాయ్ పాలవుతున్నది. మాత్రను మంచినీళ్ళతో వేసుకోవాలి. నిమ్మరసంతో వేసుకుంటే ఇంకా మేలు. ఇక చంటిపిల్లలకు చాయ్ అసలే పనికిరాదు. నిద్ర చెడుతుంది, ఆకలి చస్తుంది, ఇనుము తగ్గుతుంది. పిల్లవాడు ఏడుపు మానితే కడుపు నిండినట్లు కాదు.

పాలు ఎటు పోతున్నాయి?

ఇంట్లో బర్రె వుంటే ఒకప్పుడు ఆ ఇంటి పిల్లలు పాలు, సల్ల తాగి పెరిగేవారు. నేడు చాలా ఇండ్లలో పొద్దున పిండిన పాలు పిండినట్లే పాల కేంద్రానికి చేరుతున్నాయి. పాల బిల్లు వస్తే గాని దాణా ఖర్చు, పిల్లల ఫీజు వెళ్ళదు కనుక రైతును తప్పు పట్టలేము. కాని లీటర్ల కొద్దీ పాలు అమ్మే ఇంట్లోనే పిల్లవాడి గ్లాసులో రంగు నీళ్ళు వుండడం చూసేవారికి బాధ కలిగిస్తుంది. పూటకు ఒక పావు లీటరు ఇంటికి వుంచుకుని కేంద్రానికి పోస్తే బిల్లు కొంత తగ్గవచ్చు. ఆ పాలు ముందు పిల్లలకు పాలుగానే పోసి, మిగిలినవి పెద్దల చాయ్‌కి వాడుకోవాలి. పిల్లవాడికి మందుల ఖర్చు వచ్చినప్పుడు ఆ మిగిలిన బిల్లు ఎంతకు సరిపోతుందో ఎవరికి వారు లెక్క చూసుకోవాలి.

వేడి చాయ్, పల్చటి కవరు

నాట్ల కాలంలో, కోతల కాలంలో కూలీలకు చాయ్ తీసుకుపోవడం మంచి ఆచారం. అయితే మరిగే చాయ్‌ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి, దారంతో ముడివేసి తీసుకుపోవడం మాత్రం ప్రమాదం. కాగితం కప్పులు కూడా ఉత్త కాగితం కావు, లోపల ప్లాస్టిక్ పొర వుంటుంది. అటువంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి నీరు పావుగంట వుంటే సుమారు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులో కలుస్తున్నాయని 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు తేల్చారు. ఇంటి నుంచి స్టీలు ఫ్లాస్కు, నాలుగు స్టీలు గ్లాసులు తీసుకుపోతే ఏ బాధా లేదు. కడిగితే మళ్ళీ పనికి వస్తాయి. పొలం గట్ల మీద చెత్తా పేరుకోదు.

వేడి ఎంత వుండాలన్నదీ చూసుకోవాలి. నాలుక కాలేటట్లు తాగడమే చాయ్ అని కొందరి పట్టుదల. 65 డిగ్రీలు మించిన వేడి పానీయాలు తాగడం అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో హెచ్చరించింది. వడగట్టిన తర్వాత నాలుగైదు నిమిషాలు ఆగితే చాలు. ముసలివారు సాసర్‌లో పోసుకుని మెల్లగా ఊదుకుంటూ తాగుతుంటే పిల్లలు నవ్వుతారు గాని, తెలివైన పద్ధతి వారిదే.

ఏం చేయాలి?

చాయ్ మానేయండి అని ఉపన్యాసం చెప్పడం తేలిక. మానేవారు లేరు, మానవలసిన అవసరమూ లేదు. పొలం నుంచి అలసి వచ్చిన మనిషికి, మనసు బాగా లేని మనిషికి ఒక మంచి చాయ్ ఇచ్చే ఊరట చిన్నది కాదు. రోజుకు రెండు, అవసరమైతే మూడు చాయ్‌లు, తిండికి గంట ఎడం పెట్టి, మంచి పొడితో, సరైన కొలతతో తాగితే ఎవరికీ నష్టం లేదు.

దీనికి ప్రతి ఇంట్లో చేయదగినది ఒక్కటే. పొద్దున పొయ్యి మీద చాయ్ గిన్నె ఎక్కించే ముందు ఇంటివారందరి కడుపులో రాత్రి సద్దో, ఒక రొట్టె ముక్కో, గ్లాసెడు అంబలో పడాలి. ఆ తర్వాత ఆగి చాయ్. అందరితోపాటు ఇల్లాలికీ ఒక నిండు గ్లాసు వేరుగా పోసి పక్కన పెట్టాలి. అడుగున మిగిలింది ఆమె వాటా అనే ఆచారం పోవాలి. మగవారు వారానికి రెండుసార్లైనా తామే చాయ్ పెడితే, ఆ పనిలో ఎంత శ్రమ వున్నదో వారికీ తెలుస్తుంది.

అధికారులు కూడా కొంత చేయవలసి వుంది. ఆహార భద్రత అధికారులు పట్టణం దుకాణాలతో సరిపెట్టుకోకుండా వారపు అంగళ్ళలో విడిగా అమ్మే పొడి నమూనాలు తీసి పరీక్షకు పంపాలి. కాగితం మరక పరీక్షను బడి పిల్లలకు చేసి చూపిస్తే వారే ఇంటికి వెళ్ళి తల్లులకు చూపిస్తారు. మహిళా సంఘాల సమావేశాల్లో, అంగన్‌వాడీ కేంద్రాల్లో ఇనుము మాత్రకు, చాయ్‌కి వున్న వైరం గురించి పది నిమిషాలు చెప్పినా ఎంతో మేలు జరుగుతుంది.

ఇంటికి వచ్చిన చుట్టానికి మంచి చాయ్ ఇవ్వాలని మనం ఎంతో తాపత్రయపడతాము. చిక్కటి పాలు వెదికి తెస్తాము, కొత్త కప్పులు దించుతాము. అదే శ్రద్ధ రోజూ మన ఇంట్లో వుండేవారి మీద, ముఖ్యంగా పొద్దున్నే లేచి ఆ చాయ్ పెట్టే మనిషి మీద చూపించడం ఎంతైనా అవసరం.